కోస్గిలో కరెంటొచ్చిన నిమిషం

టెండర్ల కమిటీలో పనిచేశానని చెబితే మా చుట్టాలు ఇప్పటికీ ముందు నా చేతివేళ్ళు చూస్తారు, ఉంగరాలున్నాయేమోనని. లేవు. చేతికి ఒక వెండి కడియం ఉంది, అది మా బాపు గొర్రెలు కాసిన నాటిది. మూడు కంపెనీల వాళ్ళు నీ చుట్టూ తిరిగారు కదా, నీకేం మిగిలిందని అడుగుతారు. ఒక పరీక్ష మిగిలింది, దానికి ఒక ఊరి పేరుంది అంటే నవ్వుతారు. నవ్వనీ. టెలిఫోన్ కంపెనీల్లోనూ, వాటికి సామాను అమ్మే కంపెనీల్లోనూ కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

మాది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టి, నల్గొండలో చదువుకుని, టెలిఫోన్ కంపెనీలో చేరాను. రాష్ట్రం వచ్చిన కొత్తలో మహబూబ్‌నగర్‌లో డివిజనల్ ఇంజనీరుగా ఉన్నాను. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ కాగితం మీద ఏ నంబరు ఉండేదో ఇక్కడ చెప్పను. నేను చేసిన రెండు తప్పులు, వాటిని దిద్దుకున్న తీరు చెబుతాను. రెండు తప్పులూ మన వాళ్ళు మాత్రమే చేయగలిగినవి.

అల్లుళ్ళకు చేసినట్టు

చిన్న పట్టణాలకు ఫైబర్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వాలని మా కంపెనీ నిర్ణయించింది. దానికి రెండు రకాల డబ్బాలు కావాలి. ఎక్స్ఛేంజిలో ఒక పెద్ద డబ్బా, ఇంటింటికీ ఒక చిన్న డబ్బా. చిన్నవన్నీ పెద్దదానితో మాట్లాడితేనే ఇంట్లో నెట్ వస్తుంది. వీటిని అమ్మడానికి మూడు కంపెనీలు పోటీ పడ్డాయి. పేర్లు రాయను, మేం ఆఫీసులో పిలుచుకున్న పేర్లే చెబుతాను. ఒకటి సూటు కంపెనీ. వాళ్ళు నడి వేసవిలో కూడా సూటు విప్పేవారు కాదు. రెండోది బిర్యానీ కంపెనీ, ఎందుకో మీకు తెలుసు. మూడోదాని నుంచి ఇద్దరే ఇంజనీర్లు వచ్చారు, భుజాన సంచులు వేసుకుని ఆర్టీసీ బస్సు దిగారు. అది సంచి కంపెనీ.

పట్నంలో ల్యాబ్ పరీక్ష అందరూ గెలిచారు. తర్వాత ఊళ్ళో పెట్టి చూడాలి. దానికి మా డివిజన్‌లోని కోస్గిని నేనే ఎంచాను. ఎండ ఎక్కువ, వానాధారపు పంటలు, బోర్లు, సంత. మన డబ్బాలు బతకాల్సిన జాగా అదే కదా అనుకున్నాను. అంతవరకు నా బుద్ధి బాగానే పనిచేసింది.

కోస్గిలో మా లైన్‌మన్ యాదయ్య. మంచి మనిషి, మర్యాద కొంచెం ఎక్కువైన మనిషి. కంపెనీల వాళ్ళున్న రెండు రోజులూ జొన్నరొట్టెలు, నాటుకోడి పులుసు, ఎక్స్ఛేంజిలో రెండు కూలర్లు. పెళ్ళయిన కొత్తలో అల్లుడొస్తే ఎలా చేస్తామో అలా చేశాడు. నలభై ఇళ్ళలో చిన్న డబ్బాలు పెట్టి చూశాం. ముగ్గురివీ చక్కగా పనిచేశాయి. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. మే నెలలో కోస్గిలో కరెంటు పోకపోవడమేమిటని నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. యాదయ్యను అడిగాను.

"సబ్‌స్టేషన్ ఆపరేటర్ మావోడే సార్. పట్నం నుంచి సార్లు వచ్చిండ్రు, రెండు దినాలు జర కరెంట్ తియ్యకురా అని చెప్పిన. మన ఊరికొచ్చినోళ్ళకు చెమట పట్టనిస్తమా?" అన్నాడు.

నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. శభాష్ యాదయ్యా అన్నాను. భుజం తట్టాను. ముగ్గురూ పాసైనట్టు రిపోర్టు రాసి సంతకం పెట్టాను. తక్కువ ధర చెప్పినందుకు ఆర్డరు బిర్యానీ కంపెనీకి పోయింది. ఆ ఏడాదే చుట్టుపక్కల పట్టణాల్లో వాళ్ళ డబ్బాలు బిగించాం.

సుగుణమ్మ ఇన్వర్టర్

కోస్గి బస్టాండు దగ్గర సుగుణమ్మ నెట్ సెంటర్ నడిపేది. వాళ్ళ అమ్మా నాయినలు కూలికి పోయి ఆమెను డిగ్రీ చదివించారు. ఆ సెంటర్‌లోనే బ్యాంకు వాళ్ళు ఆమెకు ఒక వేలిముద్ర మిషన్ ఇచ్చారు. పింఛన్లకు ముసలివాళ్ళు తండాల నుంచి నడిచి వచ్చేది అక్కడికే. మేం బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చాక ఆమె ముందున్న మొబైల్ నెట్ తీసేసింది, మన మాట నమ్మి.

ఆరు నెలలు గడిచేసరికి ఆమె పేరు నాకు కంఠస్థం అయిపోయింది. అన్ని ఫిర్యాదులు పెట్టింది. బిర్యానీ కంపెనీ వాళ్ళు పోయి చూసి, కరెంటు పోతే డబ్బా ఆగుతుంది, ఇన్వర్టర్ కొనుక్కోమ్మా అని చెప్పి వచ్చారు. కొన్నది. ఫిర్యాదులు ఆగలేదు. చివరికి నేనే పోయాను.

పోయేసరికి సెంటర్ బయట పదిహేను మంది ముసలివాళ్ళు నీడ చూసుకుని కూర్చున్నారు. లోపల ఒక అవ్వ వేలు మిషన్ మీద పెట్టి ఉంది. పత్తి ఏరి ఏరి, కలుపు తీసి తీసి గీతలన్నీ అరిగిపోయిన వేలు. సుగుణమ్మ తడిగుడ్డతో తుడిచి, నొక్కి, మళ్ళీ తుడిచి పెడుతోంది. నన్ను చూసి కుర్చీ వేయలేదు. నేనెవరో చెప్పాక కూడా వేయలేదు.

"ఇన్వర్టర్ కొనుమంటే కొన్న సార్. నా డబ్బా బంద్ అయితలేదు. కరెంట్ పోయినప్పుడు మంచిగనే నడుస్తాంది. కరెంట్ వచ్చినప్పుడే పండుకుంటాంది. ఊరంత లేస్తాంటే నాదొక్కటే పండుకుంటాంది. మల్ల నలభై నిమిషాలు లెవ్వదు. గీ అవ్వ వేలు మూడోపారి పెట్టింది పొద్దటి సంది. బ్యాంకోళ్ళు మిషన్ వాపస్ ఇయ్యమంటున్నరు. ఇస్తే గీళ్ళంత ముప్పై మైళ్ళు పోవాలె. మీరే చెప్పుండ్రి, నేను ఎవల మీద కోపానికి రావాలె?"

నా మీదే అని నాకు తెలుసు.

అయినా ఆమె మాటల్లో ఒకటి నా చెవిలో ఉండిపోయింది. కరెంటు పోయినప్పుడు కాదు, వచ్చినప్పుడు. ఆమె డబ్బా ఆరలేదు, అయినా పడుకుంది. అంటే తప్పు ఆమె ఇంట్లో లేదు, ఎక్స్ఛేంజిలో ఉంది. ఇంత చదువుకున్న ఇంజనీర్లం ఆరు నెలలుగా కనిపెట్టలేనిది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. పిల్లలూ, ఫిర్యాదు పెట్టేవాళ్ళు మన శత్రువులు కాదు. జీతం తీసుకోకుండా మన పని చేసిపెట్టేవాళ్ళు వాళ్ళే.

దొడ్డి తడిక

మర్నాడు పొద్దున ఎక్స్ఛేంజిలో పెద్ద డబ్బా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కరెంటు పోయింది. బ్యాటరీ మీద పెద్ద డబ్బా బాగానే ఉంది. గంట తర్వాత కరెంటొచ్చింది. ఊరి చుట్టూ బోర్ల మోటర్లకు ఆటో స్టార్టర్లుంటాయి. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే అందుకుంటాయి. వోల్టేజి కూలబడుతుంది, లేస్తుంది, మళ్ళీ కూలబడుతుంది. పట్నం ల్యాబులో స్విచ్ ఒక్కసారి తీసి ఒక్కసారి వేస్తారు. కోస్గిలో కరెంటు ఒక్కసారిగా రాదు.

ఆ మూడు నాలుగు నిమిషాల్లో ఊళ్ళోని చిన్న డబ్బాలన్నీ లేచి, పడి, మళ్ళీ లేచి, నేనొచ్చాను నేనొచ్చాను అంటూ పెద్ద డబ్బా మీద పడ్డాయి. అది సగం మందికి జవాబిచ్చేలోపు వాళ్ళు మళ్ళీ పడిపోయి, మళ్ళీ కొత్తగా పిలిచారు. చివరికి పెద్ద డబ్బా దిమ్మెరపోయి మొదటి నుంచి మొదలుపెట్టింది. అప్పటిదాకా బాగున్న సుగుణమ్మ లైను కూడా దానితో పాటే పోయింది.

అది చూస్తుంటే నాకు మా దొడ్డి గుర్తొచ్చింది. పొద్దున తడిక తీయగానే గొర్రెలన్నీ ఒక్కసారే వాకిలి మీద పడేవి. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇరుక్కుపోయేవి, పిల్లలు కాళ్ళ కింద నలిగేవి. మా బాపు వాకిట్లో మోకాలు అడ్డం పెట్టి రెండేసి, మూడేసి వదిలేవాడు. బడికి ఆలస్యమవుతోంది, ఒకేసారి వదిలెయ్యరాదా బాపూ అని నేను విసుక్కునేవాడిని.

"ఆపవట్టే జల్ది పోతున్నయి బిడ్డా" అనేవాడు.

ఆ కుర్చీలో కూర్చునే గట్టిగా నవ్వాను. యాదయ్య భయపడి మంచినీళ్ళు తెచ్చాడు.

నా సంతకం తప్పు

అప్పుడే కంపెనీ ఇంకా పెద్ద ఆర్డరుకు సిద్ధమవుతోంది. ఈసారి రెండు జిల్లాల్లోని పట్టణాలన్నింటికీ. నా మొదటి రిపోర్టు పట్టుకుని మళ్ళీ అదే డబ్బా కొంటే కోస్గి గోస అన్ని ఊళ్ళకూ పడుతుంది. పట్నంలో కొనుగోళ్ళ విభాగం చీఫ్ విశ్వనాథం గారు. ఆయన ముక్కుసూటి మనిషి, అంతకంటే ముక్కుమీద కోపం ఉన్న మనిషి. ఆయనకు ఒక పేజీ ఉత్తరం రాశాను. నా రిపోర్టు తప్పు, అతిథి మర్యాద కోసం కరెంటు పోకుండా చేసి పరీక్ష చేశాం, ఆ సంగతి తెలిసే సంతకం పెట్టాను, మళ్ళీ పరీక్ష పెట్టండి అని.

పిలిపించారు. ఉత్తరం బల్లమీద పెట్టి నా వైపు తోశారు.

"మల్లేశం గారూ, రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి ఇలాంటి ఉత్తరం రాయడం నేను చూడలేదు. మీకు మెమో ఇస్తాను, తీసుకోండి. పరీక్షకు అనుమతి కూడా ఇస్తాను, అదీ తీసుకోండి" అన్నారు.

రెండూ తీసుకున్నాను. మెమో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నాకొచ్చిన శాలువాలన్నీ ఎక్కడ పోయాయో తెలియదు కానీ అది మాత్రం దాచుకున్నాను.

ఏ ఊరు బిడ్డా?

రెండోసారి పరీక్షకు ముగ్గురూ వచ్చారు. యాదయ్యను ముందే పిలిచి, ఈసారి సబ్‌స్టేషన్ గడప తొక్కావంటే ఊరుకోనని చెప్పాను. పాపం, వాడి ముఖం చిన్నబోయింది. కోడి కూడా వద్దా సార్ అని అడిగాడు. కోడికి ఒప్పుకున్నాను.

కరెంటు దాని ఇష్టం వచ్చినట్టు పోయింది, వచ్చింది. ముగ్గురి డబ్బాలూ బోర్లా పడ్డాయి. సూటు వాళ్ళది లేవడానికి అరగంట, బిర్యానీ వాళ్ళది పాత కథే, సంచి వాళ్ళది అందరికంటే ఎక్కువ. మొదటిసారిగా సూట్లు విప్పడం చూశాం. మూడు వారాలు గడువిచ్చి, జబ్బేమిటో అందరికీ ఒకేలా చెప్పాను, మందు మీరే వెతుక్కోండి అన్నాను. సంచి కంపెనీ నుంచి వచ్చిన సరిత అనే అమ్మాయి మాత్రం గోడవారగా కూర్చుని ఏదో రాసుకుంటోంది. చిన్న డబ్బాలు ఒకేసారి పిలవకుండా ఒక్కొక్కటి ఒక్కోసేపు ఆగి పిలిస్తే సరిపోతుందా సార్ అని అడిగింది. నాకు మా బాపు మోకాలు కళ్ళముందు కనబడింది. సంతోషం పట్టలేక అందరి ముందూ అడిగేశాను, ఏ ఊరు బిడ్డా మీది అని.

"నకిరేకల్ సార్" అన్నది.

మా ఊరి పిల్లనే అని చప్పట్లు కొట్టాను. ఇది నా రెండో తప్పు. మన దగ్గర మనిషి కనబడితే ముందు ఊరడుగుతాం, తర్వాతే పేరు. బస్సులో అడగండి, పెళ్ళిలో అడగండి. టెండరున్న గదిలో మాత్రం నాలుక అదుపులో పెట్టుకోండి. వారం తిరగకుండా బిర్యానీ కంపెనీ మేనేజరు పట్నంలో ఫిర్యాదు ఇచ్చాడు. మల్లేశం తన ఊరి అమ్మాయి కంపెనీకి ఆర్డరివ్వడానికే ఎక్కడా లేని పరీక్ష పుట్టించాడట. అడిగింది నిజం, చప్పట్లు నిజం. మిగతాది అబద్ధమని ఎలా చెప్పను? నిద్రలేని రెండు వారాలు గడిపాను. నా పేరు పోతే పోయింది. పరీక్ష రద్దయితే మళ్ళీ అదే డబ్బా వస్తుంది, సుగుణమ్మ మిషన్ పోతుంది, ఆ అవ్వ ముప్పై మైళ్ళు పోతుంది. అదే నాకు మింగుడుపడలేదు.

పేపరు చుట్టిన డబ్బాలు

గడువు రోజుకు విశ్వనాథం గారే కోస్గికి దిగారు. నన్ను చూసి పలకరించలేదు. మూడు కంపెనీల వాళ్ళను ఎక్స్ఛేంజి బయట నిలబెట్టి, పెద్ద డబ్బాలకు న్యూస్ పేపరు చుట్టి, పైన సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని తన చేత్తోనే రాశారు. ఇళ్ళలోని చిన్న డబ్బాలకు కూడా పట్నం నుంచి తెచ్చిన తన మనుషులతోనే పేపరు చుట్టించారు. ఆ నంబర్ల వరుసలోనే రోజుకొక కంపెనీ. ఏ నంబరు ఎవరిదో ఆయనకూ, ఆయన జేబులోని చీటీకీ తప్ప తెలియదు. నన్ను బస్టాండు టీకొట్టు దగ్గర కూర్చోమని, మూడు రోజులూ ఎక్స్ఛేంజి వైపు రావద్దని తన మనుషులతో చెప్పించారు. కూర్చున్నాను. అన్ని టీలు జీవితంలో తాగలేదు.

ఆయన కూర్చున్నది మాత్రం ఎక్స్ఛేంజిలో కాదు. పోయి సుగుణమ్మ సెంటర్‌లో ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఆయనెవరో ఆమెకు చెప్పలేదు. మూడు రోజులూ నెట్ ఎట్లా నడుస్తుందో చూసి చెప్పమ్మా అని మాత్రం అన్నారట. టీకొట్టు నుంచి ఆమె వాకిలి నాకు కనబడుతుంది. కరెంటు పోయినప్పుడల్లా నా ప్రాణం పోయేది, వచ్చినప్పుడల్లా ఇంకా ఎక్కువ పోయేది.

మూడో రోజు సాయంత్రం అందరినీ ఆ సెంటర్ ముందుకు పిలిచారు. కంపెనీల వాళ్ళు, యాదయ్య, నేను, నీడలో కూర్చున్న ముసలివాళ్ళు. ఆయన సుగుణమ్మను అడిగారు, ఏం చెబుతావమ్మా అని.

"రెండో దినం, మూడో దినం మంచిగున్నది సార్. కరెంట్ వచ్చింది నాకు ఎర్కనే కాలే. మొదటి దినం మాత్రం పాతదే పెట్టిండ్రు. దాని మీద ఎన్ని పేపర్లు చుట్టినా నేను గుర్తువడ్త. ఆరు నెలలు కాపురం చేసిన దానితోని" అన్నది.

ముసలివాళ్ళే ముందు నవ్వారు. విశ్వనాథం గారు జేబులోంచి చీటీ తీసి చదివారు. ఒకటి బిర్యానీ కంపెనీ. వాళ్ళు మూడు వారాలూ డబ్బా బాగుచేయడం మానేసి ఫిర్యాదులు రాసుకున్నారు, పైన స్టిక్కరు మాత్రం మార్చి తెచ్చారు. రెండు సూటు కంపెనీ, మూడు సంచి కంపెనీ. బిర్యానీ కంపెనీ మేనేజరు నేలచూపులు చూశాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, వయసు చూసి ఊరుకున్నాను.

చీఫ్ గారు నా వైపు తిరిగారు. మూడు రోజుల్లో అదే మొదటి మాట.

"మల్లేశం గారూ, ఈ పరీక్షను టెండరు నిబంధనల్లో రాయండి. ఇకమీదట ఎవరు అమ్మాలన్నా ఇది గెలవాల్సిందే."

పేరేం రాయమంటారు సార్ అన్నాను.

"కోస్గి పరీక్ష అని రాయండి. ఇంకేం పేరు పెడతారు?"

యాదయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం కోడిపులుసు చీఫ్ గారు రెండుసార్లు వడ్డించుకున్నారు. అలాంటి మర్యాదకు నేనెప్పుడూ అడ్డు చెప్పను.

పోటీ ఎక్కడ పెట్టాలి

ఆర్డరు ఎవరికి వచ్చిందని అడుగుతారు. సంచి కంపెనీకే అయితే కథ బాగుండేది. కానీ గెలిచిన ఇద్దరూ ధర దగ్గర పోటీ పడితే ఎక్కువ భాగం సూటు వాళ్ళకు, కొంత సంచి వాళ్ళకు వచ్చింది. మరుసటి ఏడాది బిర్యానీ వాళ్ళు కూడా బుద్ధిగా డబ్బా దిద్దుకుని వచ్చి గెలిచారు. నాకు ముగ్గురి మీదా కోపం లేదు. అమ్మేవాడు మనం ఎక్కడ పోటీ పెడితే అక్కడ గెలవడం నేర్చుకుంటాడు. చల్లటి గదిలో పెడితే చల్లటి గదిలో గెలుస్తాడు. బిర్యానీ దగ్గర పెడితే బిర్యానీలో గెలుస్తాడు. కోస్గిలో పెడితే చచ్చినట్టు కోస్గిలో గెలుస్తాడు. కొనేవాడి పనంతా ఆ జాగా ఎంచడంలోనే ఉంది.

రిటైరయ్యే ముందు ఒక పెద్ద సమావేశానికి పోయాను. ఎక్కడో ఉత్తరాదిలో ఫ్యాక్టరీ ఉన్న ఒక కంపెనీ కుర్రాడు నన్నెరగక, మా డబ్బా కోస్గి టెస్ట్ పాసైంది సర్ అని ఇంగ్లీషులో గొప్పగా చెప్పాడు. కోస్గి ఎక్కడుందో తెలుసా అని అడిగాను. జపాన్‌లో అనుకుంటా సర్ అన్నాడు. కాదనబుద్ధి కాలేదు.

మొన్నీమధ్య నల్గొండ నుంచి పనిగట్టుకుని కోస్గి పోయాను. సుగుణమ్మ సెంటర్ ఇప్పుడు రెండు గదులైంది, బ్యాంకు మిషన్ కూడా రెండో టేబుల్ మీద ఇంకొకటి వచ్చింది. ఆమె నాకు కుర్చీ వేసింది. వేలి మిషన్ ముందు ఒక అవ్వ ఉంది, వెనక వరుస ఉంది. పని ఆపొద్దమ్మా అని చెప్పి మూలన కూర్చున్నాను. కాసేపటికి ఫ్యాన్ ఆగింది, కరెంటు పోయింది. నేను వేళ్ళ మీద నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, పాత అలవాటు. పావుగంటకు ఫ్యాన్ తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. ఊరి చుట్టూ బోర్లన్నీ ఒక్కసారే అందుకున్న చప్పుడు దూరం నుంచి వినబడింది. ఊపిరి బిగబట్టి సుగుణమ్మ ముఖం వైపు చూశాను.

ఆమె తల ఎత్తనేలేదు. అవ్వ వేలు తుడిచి మిషన్ మీద పెట్టి నొక్కింది, పచ్చలైటు వెలిగింది.

"అయిపోయింది అవ్వా. ఎనకున్నోళ్ళు రాండ్రి" అన్నది.